ఫిబ్రవరి 29 నాటికి

మహబూబ్‌నగర్

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. బావకు చూపు ఆనక, ఆరు మగ్గాల లెక్కా నీ చేతికి వచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది. గట్టుప్పల్‌లో ఆ పనిని నువ్వు నిలబెడతావన్న నమ్మకం నాకు ఉన్నది. నువ్వు అడిగింది కూడా సరైన ప్రశ్నే. ‘చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు, మగ్గానికి జియోట్యాగు, కూలి బ్యాంకులో వేయడం, ఇవన్నీ మనలాంటి చిన్నవాళ్లకు ఎందుకు మామా? సర్కారు సాయం మనదాకా ఎప్పుడు వచ్చింది?’ అన్నావు.

2020లో, కరోనా కాలంలో వచ్చింది. కొందరికి వచ్చింది, వాళ్ల పక్కింటివాళ్లకు రాలేదు. అప్పటికి నేను ఇంకా బ్యాంకు కౌంటరులోనే ఉన్నాను. ఎవరి చేతికి అందిందో, ఎవరు ఉత్త చేతులతో వెనక్కి పోయారో కళ్లారా చూశాను. అది నీకు చెప్పకుండా ‘నమోదు చేయించుకో’ అంటే ఉత్త ఉపదేశం అవుతుంది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, మరునాటి నుంచి తెలంగాణలో, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. నేతపనికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. ఎండాకాలం పెండ్లిళ్ల కోసం నేసి పెట్టుకున్న సరుకంతా అప్పుడే బయటికి పోవాలి. హైదరాబాద్ దుకాణాలు మూతపడ్డాయి, ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి, బెంగళూరు నుంచి పట్టు రాలేదు. మీ వైపు పుట్టపాక, పోచంపల్లి, కొయ్యలగూడెం, మా వైపు గద్వాల, నారాయణపేట, ఎక్కడ చూసినా మడత పెట్టిన చీర మడతలోనే ఉండిపోయింది. మగ్గం మీద పడుగు ఉన్నవాళ్లు అది తీరేదాకా నేశారు. ఆ తర్వాత గుంటలోంచి కాళ్లు తీసి అరుగు మీద కూర్చున్నారు.

మొదట వచ్చింది బియ్యం. రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి 12 కిలోలు, కార్డుకు 1,500 రూపాయలు, ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రం ఇచ్చింది. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఇవ్వడం అప్పుడే మొదలైంది, అది మధ్యలో కొన్నాళ్లు ఆగినా 2022 డిసెంబర్ దాకా సాగింది. ఇందులో ఏ మాత్రం తక్కువ చేసి చెప్పను. ఆ బియ్యమే లేకపోతే మన నేత వాడల్లో పొయ్యి వెలగని ఇండ్లు ఎన్నో ఉండేవి. కానీ పెండ్లయి వేరు కాపురం పెట్టి, కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న కుటుంబాల మాటేమిటి? పేరు అత్తగారి కార్డులో లేదు, పుట్టింటి కార్డులోంచి తీసేశారు. అలాంటి ఆడపిల్లలు బ్యాంకుకు వచ్చి ‘సార్, మా ఖాతాలో 1,500 పడ్డాయా’ అని అడిగేవారు. కార్డే లేని చోట ఖాతా ఏం చేస్తుంది? వలస కూలీలకు కార్డు లేకున్నా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. ఉన్న ఊళ్లో ఉండి కార్డు లేనివాళ్లది ఎటూ కాని బతుకైంది.

తర్వాత జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేశారు. గుంపు కాకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు. సున్నా, ఒకటి ఉన్నవాళ్లకు ఏప్రిల్ 3, రెండు, మూడు ఉన్నవాళ్లకు 4, అట్లా 9 దాకా. అయినా అంకెతో పని లేకుండా అందరూ మొదటి రోజే వచ్చారు, తీసుకోకపోతే వెనక్కి పోతాయని ఎవరో పుకారు పుట్టించారు. ఆ ఎండలో నిలబడ్డవాళ్లలో ఆసు పోసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, చిటికీలు కట్టేవాళ్లు ఎందరో. అదే పేదరికం ఉన్నా మామూలు పొదుపు ఖాతా ఉన్నవాళ్లకు ఏమీ రాలేదు. ఖాతా పుస్తకం మీద జన్‌ధన్ అన్న మాట ఉన్నదా లేదా అన్నదే తేడా.

పని లేక నేతగాళ్లు ఉపాధి హామీ పనికి కూడా పోయారు. ఆ ఏడు మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలకు పెరిగింది. జాబ్‌కార్డు ఉన్నవాళ్లకు అది దిక్కయింది. కానీ గడ్డపార పట్టిన చెయ్యి నాలుగు రోజుల్లో గరుకెక్కుతుంది, గరుకు చెయ్యి తగిలితే పట్టు పోగు లేస్తుంది. మళ్లీ మగ్గం ఎక్కాలంటే చెయ్యి మెత్తబడేదాకా ఆగాలి. ఆ నష్టం ఏ పద్దులోనూ ఎక్కలేదు. నీ దగ్గర నేసేవాళ్లకు పని లేని రోజులు వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో.

ఇక నీకు ముఖ్యంగా కావలసింది వ్యాపారానికి ఇచ్చిన సాయం. మే 12న ప్రధాని 20 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్లన్నది పెద్ద మాట. అసలు సంగతి ఏమిటంటే, 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత అప్పు ఉన్నదో దానిలో 20 శాతం అప్పుడు కొత్తగా ఇచ్చారు, తాకట్టు అడగలేదు, పూచీ సర్కారుది, మొదటి ఏడాది అసలు సొమ్ము కట్టనక్కర్లేదన్నారు, బ్యాంకు వడ్డీ 9.25 శాతం దాటకూడదన్నారు. షరతులు మంచివే. రెండు లక్షల అప్పు ఉన్నవాడికి నలభై వేలు వచ్చాయి. అప్పంతా నూలు షావుకారు దగ్గర ఉన్నవాడికి సున్నాలో 20 శాతం వచ్చింది.

కిస్తీల వాయిదా గురించి కూడా విను. మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలలు, మే 22న మరో మూడు నెలలు, మొత్తం ఆగస్టు 31 దాకా కిస్తీ కట్టకున్నా ఫరవాలేదన్నది. చాలామంది అది మాఫీ అనుకున్నారు. వడ్డీ ఆగలేదు. 12 శాతం వడ్డీకి తెచ్చిన రెండు లక్షల మీద ఆ ఆరు నెలలకు 12 వేలు వడ్డీ అయింది. దాని మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టులో వాదాలు నడిచి, అక్టోబర్‌లో కేంద్రం వడ్డీ మీద వడ్డీని తిరిగి ఇస్తానన్నది. ఆ రెండు లక్షల అప్పుకు వెనక్కి వచ్చింది సుమారు మూడు వందల రూపాయలు. 2021 మార్చి 23న కోర్టు తుది తీర్పులోనూ చక్రవడ్డీ వద్దన్నదే గాని, వడ్డీయే మాఫీ అనలేదు. అందుకే చెప్తున్నా, రేపు మళ్లీ ఏ ఆపద వచ్చినా, సాయం అన్న మాట వినగానే మూడు ప్రశ్నలు వేయి. ఇది ఊరికే ఇస్తున్నారా, అప్పు ఇస్తున్నారా, పాత అప్పుకు గడువు ఇస్తున్నారా? 2020లో చిన్న వ్యాపారులకు దక్కినదాంట్లో ఎక్కువ భాగం చివరి రెండు రకాలదే. అమ్మకం లేని మనిషికి మరింత అప్పు ఇచ్చి నిలబెట్టాలనుకోవడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

నా లెక్కలో నేతగాళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది వాళ్ల సొంత పొదుపు. ‘నేతన్నకు చేయూత’ పథకాన్ని 2017 జూన్‌లో పోచంపల్లిలో మొదలుపెట్టారు. కూలిలో 8 శాతం నేతగాడు వేసుకుంటే, 16 శాతం సర్కారు కలిపేది. మూడేళ్లదాకా తీయరాదని నియమం ఉండేది. లాక్‌డౌన్‌లో ఆ గడువు సడలించి, పైసలు ముందే తీసుకోనిచ్చారు. అది అప్పు కాదు, ఎవరికీ తిరిగి కట్టనక్కర్లేదు, ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు. అనుబంధ పనులు చేసేవాళ్లకు కూడా అందులో చోటు ఉండె. కానీ జియోట్యాగు ఉన్న మగ్గం మీద పేరు నమోదైనవాళ్లకే ఆ పథకం. మాస్టర్ వీవర్ షెడ్డులో కూలికి నేస్తూ, ఏ జాబితాలోనూ లేనివాడు ఈ డబ్బు సంగతి పక్కవాడు చెప్తే విన్నాడు.

ఇప్పుడు ఆ తేదీలు ఒక్కసారి చూడు. అప్పు లెక్క ఫిబ్రవరి 29 నాటిది. తోపుడుబండ్లవాళ్లకు జూన్ 1న మొదలైన స్వనిధి కింద పదివేలు రావాలంటే, మార్చి 24 నాటికే పట్టణంలో వ్యాపారం చేస్తున్నట్టు రుజువు చూపాల్సి వచ్చింది. ఇక్కడ మా క్లాక్‌టవర్ దగ్గర పండ్లు అమ్మేవాళ్లలో మున్సిపాలిటీ సర్వేలో పేరున్నవాళ్లకు చకచకా పని అయింది, లేనివాళ్లు సిఫారసు లేఖ కోసం తిరిగారు. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడూ అంతే, గుర్తింపు ఉన్న బడి రిజిస్టర్లో పేరుంటేనే. ప్రతి సాయానికీ తేదీ ఆపదకు ముందటిదే పెట్టారు. దొంగ పేర్లు రాకుండా అట్లా పెట్టక తప్పదేమో. కానీ దాని అర్థం, ఆపద వచ్చాక నమోదుకు పరుగెత్తితే అందేది ఏమీ లేదని.

లెక్కల్లో ముందే పేరుంటే ఎట్లా అందుతుందో చూడు. బ్రిటన్‌లో పని ఆగిన ఉద్యోగులకు జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లదాకా, ప్రభుత్వమే భరించింది. అక్కడ ప్రతి జీతమూ పన్ను శాఖ లెక్కలో ఉంటుంది కనుక చెల్లించగలిగింది. మన దగ్గర కూడా వంద మందిలోపు ఉన్న సంస్థల్లో తక్కువ జీతాలవాళ్ల పీఎఫ్, యజమాని వాటాతో సహా 24 శాతం, 2020లో ఆరు నెలలు కేంద్రమే కట్టింది. పీఎఫ్ ఉన్న ఫ్యాక్టరీ మనిషికి అందింది. మన మగ్గాల మీద కూలి ఎంతో రాసిన కాయితమే లేనప్పుడు, ఎంత మంచి మనసున్న సర్కారైనా దేన్ని చూసి ఇస్తుంది?

కాబట్టి నువ్వు చేయవలసింది చెప్తాను. ఉద్యమ్ నమోదు ముందుగా చేయించు. ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు, ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకు. దాని వల్ల నీకు ఇంకో మేలున్నది. హైదరాబాద్ దుకాణాలు నెలల తరబడి బాకీ తొక్కిపెడతాయి కదా. చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెప్తున్నది, దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ. నమోదుకు ముందు పంపిన సరుకుకు ఇది వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో వాదం నడిచింది. నీకు ముందే నమోదు ఉంటే ఆ వాదంతో పని లేదు. చీరలు పంపిన ప్రతిసారీ తేదీ వేసి బిల్లు రాయి, తెలిసిన దుకాణమైనా సరే.

మగ్గాల జియోట్యాగు ఆరింటికీ నీ పేరున పెట్టించకు. అన్నిటికన్నా ఇదే నీకు కష్టంగా అనిపిస్తుంది, ఎందుకంటే మగ్గాలు మనవే. కానీ నేసేది వాళ్లు. ఎవరి మగ్గం మీద కూర్చున్నా నేతగాడిగా వాళ్ల పేరు వాళ్లకు రాయించు, కండెలు చుట్టే ఆడవాళ్లతో సహా. పేరు రాయిస్తే రేపు వేరే చోటికి పోతారని, కూలి ఎక్కువ అడుగుతారని బావ అంటాడు, నాకు తెలుసు. అడగనీ. వాళ్లకు ఏమీ అందకపోతే, మగ్గాలు ఆగిన ఆ నెలల్లో వాళ్లను సాకవలసింది మీరే. 2020లో బావ చేసింది అదే, అప్పుచేసి మరీ.

కూలి ఖాతాలో వేయి, సగమైనా సరే. బ్యాంకులో చిన్న ముద్రా అప్పు అవసరం లేకున్నా ఒకటి తీసుకుని, నెలనెలా సరిగ్గా కట్టు. షావుకారు దగ్గర ఉద్దెర తగ్గించుకో. 2020లో ఇచ్చిన ఆ 20 శాతం అప్పు కూడా ఫిబ్రవరి 29 నాటికి కిస్తీలు అరవై రోజులకు మించి ఆగని ఖాతాలకే వచ్చింది. అలా అని అవసరానికి మించి అప్పు చేయకు. ఏడాది పొడుగునా కట్టగలిగినంతే.

బతుకమ్మకు ఇక్కడికి వస్తావు కదా. హైదరాబాద్ దుకాణాల బాకీ చిట్టీ, నీ పాన్ కార్డు తెచ్చుకో. ఇంట్లోనే కూర్చుని ఉద్యమ్ పని పూర్తి చేద్దాం. నేసేవాళ్లలో ఎవరెవరికి రేషన్ కార్డు రాలేదో కూడా ఒక కాయితం మీద రాసుకురా. ఆ దరఖాస్తులు ఎక్కడ ఆగినయో ఎమ్మార్వో ఆఫీసులో అడుగుదాం. బావ కంటి పరీక్ష కోసం ఇక్కడ డాక్టరుతో మాట్లాడి పెట్టాను, ఆయనను కూడా వెంట తీసుకురా.

నీ మేనమామ