ఎముక బయటపడితే ఏం చేయాలి?

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈ హాస్టల్ అన్నం తినే పెరిగాం. ఇప్పుడు ఫిజియోథెరపీలో పీజీ చదువుతున్నాం.

మేము పదో తరగతిలో ఉండగా మా ఊళ్లో పెదనాన్న వరుస అయ్యే ఆయన తాటిచెట్టు మీది నుంచి పడ్డారు. చీలమండ పైన ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆకు పసరు పోసి బిగించి కట్టాం. నాలుగో రోజుకు కాలు వాసన వచ్చింది. చివరకు మోకాలి కింద తీసేశారు. అప్పుడు మాకెవరికీ తెలియదు. అందుకే ఈ పాఠం.

మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే ఎముక పేరు అంతర్జంఘిక. డాక్టర్లు టిబియా అంటారు. మడమకు దగ్గరయ్యే కొద్దీ దాని మీద కండ తక్కువ, రక్తం అందడమూ తక్కువ. అందువల్ల అక్కడ విరిగితే ఆలస్యంగా అతుకుతుంది. విరిగిన చోటికి బయటి గాలి, మట్టి తగిలేలా గాయమైతే అది ఓపెన్ ఫ్రాక్చర్.

రకాలు: 1976లో గస్టిలో, ఆండర్సన్ అనే డాక్టర్లు వీటిని మూడుగా విభజించారు.

1. గాయం 1 సెం.మీ. లోపు, శుభ్రంగా ఉంటుంది.
2. గాయం 1 సెం.మీ. దాటుతుంది, కండ పెద్దగా నలగదు.
3. బలమైన దెబ్బ. కండ, చర్మం బాగా నలుగుతాయి.

1984లో మూడో రకాన్ని మళ్లీ మూడు చేశారు. ‘ఎ’లో ఎముకను కప్పడానికి కండ, చర్మం మిగులుతాయి. ‘బి’లో మిగలవు, వేరేచోటి నుంచి తెచ్చి కప్పాలి. ‘సి’లో ధమని తెగుతుంది, దాన్ని కుట్టాలి. పొలం మట్టి, పేడ అంటిన గాయం చిన్నదైనా మూడో రకమే. గాయాన్ని ఆపరేషన్ గదిలో కడిగి చూశాకే అసలు రకం తేలుతుంది.

వైద్యం: వీలైతే మొదటి గంటలోనే యాంటీబయాటిక్, దానితోపాటు టెటనస్ సూది వేస్తారు. సెలైన్‌తో కడిగి, చచ్చిన కండను తీసేస్తారు. లోపల రాడ్డు గానీ, బయట ఫిక్సేటర్ గానీ వేసి ఎముకను నిలబెడతారు. వారం లోపే గాయాన్ని కప్పాలని చూస్తారు.

మనం చేయవలసినవి: చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్లకు భద్రాచలం ఏరియా ఆసుపత్రే దూరం. అక్కడి నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే. కనుక ముందు 108కి ఫోన్ చేయండి. ఎముకను లోపలికి నెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పండి. రక్తం కారుతుంటే ఎముక పక్కన అదిమి పట్టండి. రెండు వైపులా వెదురు బద్దలు పెట్టి, మోకాలు, మడమ కదలకుండా కట్టండి, బిగించవద్దు. పట్టీలు, మెట్టెలు తీసేయండి. పసరు, పసుపు, కాఫీ పొడి పెట్టవద్దు. దెబ్బ తగిలిన సమయం డాక్టరుకు చెప్పండి.

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ పాఠం ఇంట్లో చదివి వినిపించండి. చదువు రాని మా అమ్మకు మేము మొదట చెప్పిన పాఠం ఇదే.