పట్టుగల పనిముట్టు

కొలిమిలో ఎర్రగా కాగిన ఇనుమును కమ్మరి వేళ్లతో పట్టుకొనలేడు. ఆవగింజంత బంగారు పూసను కంసాలి వేళ్లతో నిలుపలేడు. బిగుసుకొనిపోయిన తీగ మెలికను విద్యుత్ పనివాడు గోళ్లతో విప్పలేడు. చేతికి చేతనైనంతవరకు చేయి చేస్తుంది. అది ఓడిపోయిన చోట రెండు ఇనుప దవడలు దానికి తోడుగా నిలుస్తాయి. ఆ దవడలకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లు అనేకం. కమ్మరి చేతిలో అది పటకారు. కంసాలి చేతిలో శ్రావణం. నేటి కర్మాగారాలలోను, మరమ్మతు దుకాణాలలోను కటింగ్ ప్లయర్. సంస్కృతంలో దీనిని సందంశం అన్నారు. కరచుట అనే అర్థం గల ‘దంశ’ ధాతువు నుండి పుట్టిన మాట అది. ఎంత సహజమైన నామకరణం! మంచి పటకారు చేయవలసిన పని సరిగా కరచి పట్టుకొనడమే కదా.

సాహిత్య పాఠంలో ఇనుప సామాను ప్రసక్తి ఏమిటని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. పనిముట్టు గుణదోషాలను గూర్చి మన ప్రాచీనులు ఎంత నిశితంగా ఆలోచించారో తెలియాలంటే కావ్యాలను పక్కన పెట్టి శాస్త్రగ్రంథాలను తెరవాలి. సుశ్రుత సంహిత శస్త్రచికిత్సకు ప్రధానమైన ఆయుర్వేద గ్రంథం. అందులో సూత్రస్థానం ఏడవ అధ్యాయం వైద్యుడు వాడే యంత్రాలను వర్ణిస్తుంది. మొత్తం 101 యంత్రాలు. వాటిలో స్వస్తిక యంత్రాలు 24. ఇవి పద్దెనిమిది అంగుళాల పొడవు గలవి. ఇక్కడ అంగుళమంటే నేటి ఇంచి కాదు, వేలి వెడల్పు. రెండు భాగాలను అడ్డంగా ఒకదానిపై ఒకటి చేర్చి, మసూరపప్పు ఆకారం గల కీలుతో బిగించి, కొనలను సింహం, పులి మొదలైన మృగాల నోళ్లవలెను, పక్షుల ముక్కులవలెను తీర్చిదిద్దేవారు. ఎముకలో నాటుకొన్న శల్యాన్ని పెకలించడానికి ఇవి ఉపయోగపడేవి. కొంగజాతి పక్షి ముక్కును పోలిన కంకముఖం వీటిలో శ్రేష్ఠమని సుశ్రుతుని అభిప్రాయం. అది సులువుగా లోపలికి పోతుంది, గట్టిగా పట్టుకొంటుంది, పట్టినదానితో సహా వెలికి వస్తుంది. నేడు రేడియో మరమ్మతు చేసేవారు వాడే నోస్ ప్లయర్‌ను చూచినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు.

అంతటితో ఆగక సుశ్రుతుడు యంత్రాలకు పన్నెండు దోషాలను లెక్కించాడు. వాటిలో ఒకటి రెండు వైద్యానికే పరిమితం. తక్కినవి ఈనాడు ఇనుప సామాను దుకాణం మెట్లెక్కేవాడు సైతం జేబులో వ్రాసి పెట్టుకొనదగినవి. మితిమీరిన మందం, సారంలేని లోహం, అతి పొడవు, అతి పొట్టి, పట్టు లేకపోవడం, ఒకపక్కనే పట్టడం, వంకర, వదులు, మెత్తని కీలు, మెత్తని నోరు – ఇవన్నీ ఆయన చెప్పిన దోషాలే. వీటిని మనసులో ఉంచుకొని, దుకాణాలలో సాధారణంగా దొరికే 20 సెంటీమీటర్ల కటింగ్ ప్లయర్‌ను పరీక్షిద్దాం.

మొదట చూడవలసినది కీలు. చాలామంది దవడల మెరుపును చూచి మోసపోతారు. ఈ పనిముట్టు ప్రాణమంతా కీలులో ఉంది. పిడులను తెరిచి మూసినప్పుడు దవడలు ఎక్కడా తట్టుకొనక, ఒకే తీరుగా కదలాలి. ఒక పిడిని ఎడమచేత, రెండవదానిని కుడిచేత పట్టుకొని పైకి కిందికి పక్కవాటుగా ఆడించి చూడండి. దవడలు కత్తెర రేకుల వలె పక్కకు జారితే ఆ ప్లయర్ కొత్తదైనా ముసలిదే. అదే శిథిలదోషం. అలాగని రెండు చేతులతో బలంగా లాగితే తప్ప తెరుచుకొననిది కూడా పనికిరాదు. నిచ్చెనపై నిలబడి ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకొన్నవానికి ప్లయర్ తెరవడానికి మిగిలేది ఒక్క చేయే.

తరువాత నోరు. దవడలను మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టండి. కొనలు రెండూ సరిగా ఒకదానిపై ఒకటి కూర్చోవాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు ఉంటే అది విషమగ్రాహి; పట్టిన వస్తువును ఒకవైపే నొక్కి, రెండవవైపు జారవిడుస్తుంది. లోపలి గాళ్లు పదునుగా, సమానమైన లోతుతో ఉండాలి. సుశ్రుతుడు అవసరాన్నిబట్టి యంత్రాల నోళ్లు గరుకుగానో నునుపుగానో ఉండాలన్నాడు. రాగి తొడుగు, ఇత్తడి నగిషీ వంటి సున్నితమైన పనికి గాళ్ల నోరు మచ్చలు వేస్తుంది. అక్కడ నున్నని దవడల ప్లయర్ కావాలి. కోత అంచులను పరీక్షించడానికి దుకాణదారుని వద్దనే విద్యుత్ తీగ ముక్క ఒకటి అడిగి తీసుకొని, అందులోని వెంట్రుకంత సన్నని రాగి పోగును వేరుచేసి, అంచు మొదట, నడుమ, చివర వరుసగా కోయండి. మూడు చోట్లా తెగిందా, అంచులు కలుస్తున్నాయన్నమాట. పోగు తెగక మడతపడి నడుమ ఇరుక్కొంటే దానిని తిరిగి బల్లమీద పెట్టండి.

లోహం సంగతి కంటికి అంత త్వరగా దొరకదు. మంచి ప్లయర్లను కార్బన్ ఉక్కుతో గాని, క్రోమియం, వెనేడియం కలిసిన ఉక్కుతో గాని చేస్తారు. కాగిన ఉక్కును అచ్చులో సమ్మెటపోటుతో రూపుదిద్ది, ఆ పైన పదును పెడతారు. కోత అంచులకు మరింత కాఠిన్యం ఇస్తారు. చవక సరకులో ఈ పదునే లోపిస్తుంది. ఒక మామూలు మేకును కోసి, అంచును వేలితో గాక కంటితో పరిశీలించండి. గుంట పడితే అది మృదుముఖం. అయితే స్ప్రింగు తీగవంటి గట్టి ఉక్కును కోసి, అంచు చెడిందని నిందించడం న్యాయం కాదు. అటువంటి తీగకు వేరే కట్టర్లున్నాయి. కటింగ్ ప్లయర్‌తో పొయ్యిలో ఇనుప ముక్కను పట్టి కాల్చడం మరొక అలవాటు. నిప్పు తగిలితే ఉక్కుకు పెట్టిన పదును దిగిపోతుంది. నిప్పు పనికి పొడవైన కాళ్లు గల కమ్మరి పటకారే తగినది.

పరిమాణాన్ని గూర్చి సుశ్రుతుడు చెప్పిన అతిదీర్ఘ, అతిహ్రస్వ దోషాలకు భౌతికశాస్త్రంలో మీరు చదివిన తులాదండ సూత్రమే వ్యాఖ్యానం. పిడిని పట్టే చోటు కీలుకు 12 సెంటీమీటర్ల దూరంలోను, కోత అంచు 1.5 సెంటీమీటర్ల దూరంలోను ఉన్నాయనుకొందాం. చేతిబలం ఎనిమిది రెట్లవుతుంది. 20 కిలోల ఒత్తిడి 160 కిలోల కోతగా మారుతుంది. అదే 4 సెంటీమీటర్ల దూరాన ఉన్న ముక్కు కొనకు చేరేసరికి మూడు రెట్లే మిగులుతుంది. కనుక లావు తీగను కీలుకు దగ్గరగా పెట్టి కోయాలి. పిడి పొడవు పెరిగితే బలం పెరుగుతుంది గాని, గోడలోని స్విచ్చుపెట్టెలో ఆ పిడి తిరగదు. మీ అరచేతిలో ఒదిగి, నాలుగు వేళ్లూ రెండవ పిడి చుట్టూ చేరగలిగినదే మీకు తగిన కొలత.

ఇక పిడుల తొడుగు. దీని విషయంలో ఏమరుపాటు ప్రాణాంతకం. ఎర్రగా, పసుపుగా మెరిసే ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది విద్యుత్తును అడ్డగిస్తుందని భావించరాదు. చాలా తొడుగులు చేతికి హాయి కలగడానికి వేసినవే. విద్యుత్ పనికి ఉద్దేశించిన ప్లయర్ పిడిపై రెండు త్రిభుజాల గుర్తు, దాని పక్కన 1000 వోల్టులు అన్న అంకె ముద్రించి ఉంటాయి. ఐ.ఇ.సి. 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అటువంటి పనిముట్టును 10,000 వోల్టుల వద్ద పరీక్షించిన తరువాతనే ఆ గుర్తు వేస్తారు. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. మనిషి గుండెను ఆపడానికి అది చాలు. తొడుగు చీలినా, కరిగినా, పిడిపై జారి తిరుగుతున్నా ఆ ప్లయర్‌ను విద్యుత్ పనికి దూరంగా ఉంచాలి. చీలికపై టేపు చుట్టి వాడడం సర్వసాధారణం, సర్వథా త్యాజ్యం. గుర్తు గల ప్లయర్ చేతిలో ఉన్నా మెయిన్ స్విచ్ ఆపకుండా తీగను ముట్టరాదు.

కటింగ్ ప్లయర్ అన్నిటికీ పనికివస్తుందన్న నమ్మకం వల్ల చెడిపోయిన నట్లు లెక్కకు మిక్కిలి. నట్టు ఆరు ముఖాలను సరిగా పట్టేది స్పానర్. ప్లయర్ దవడ నట్టు మూలలను కొరికి గుండ్రంగా చేస్తుంది. ఆపైన స్పానర్ కూడా దానిని పట్టలేదు. దానిని సుత్తిగా వాడేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్కొక్క దెబ్బకు కీలు ఒక్కింత వదులవుతుంది.

ధర ఎక్కువైనదంతా మేలైనది కాదు. పేరున్న సంస్థ ముద్రను అనుకరించిన నకిలీ సరకు కూడా బజారులో ఉంది. ఉబ్బెత్తుగా అచ్చుపోసిన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, కొలత, ప్రమాణ చిహ్నం ఉన్నాయా అని చూడండి, రసీదు అడగండి. ఈ పరీక్షలన్నిటికీ అయిదు నిమిషాలు చాలు. దుకాణదారు తీగ ముక్క ఇవ్వడానికి విసుగుకొంటే పక్క దుకాణానికి వెళ్లండి. ఇంటికి తెచ్చిన తరువాత నెలకొకసారి కీలులో ఒక చుక్క యంత్రపు నూనె వేసి, నాలుగైదుసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నల్లని మురికిని గుడ్డతో తుడిచివేస్తే సరిపోతుంది. పిడికి మాత్రం నూనె అంటనీయకండి.