మన యింటి కిటికీలు: బాగుచేయుటయా, మార్చుటయా?

అత్తిబెలె వంటి సరిహద్దు ఊరిలో పెరుగుచున్న పిల్లలకు కిటికీకి పేర్లు పెక్కు తెలియును. ఇంటిలో మనము కిటికీ యందుము, కన్నడమునను కిటకియే. హోసూరు బజారునకు పోయినచో తమిళులు జన్నల్ అందురు. అది పోర్చుగీసువారి జనేలా అను మాటనుండి వచ్చినది. మన కావ్యములలోని గవాక్షము సంస్కృతపదము; ఆవు కన్ను అని దాని యర్థము. ఇంగ్లీషువారి విండో అను మాటకు మూలమైన ప్రాచీన నార్సు పదమునకు గాలి కన్ను అని యర్థము. ఎక్కడి సంస్కృతము, ఎక్కడి నార్సు! ఇద్దరును దానిని కన్ననియే తలచిరి. కన్ను ఎఱ్ఱబడినంత మాత్రమున వైద్యుడు దానిని తీసివేయడు గదా. కిటికీ విషయమున మాత్రము మనము ఆ యోర్పు చూపుట లేదు.

మొన్నటి సెప్టెంబరులో విద్యార్థిని యొకతె తండ్రి నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, మా యింటి కిటికీలు మూతపడుట లేదు. అన్నిటిని పెరికించి అల్యూమినియమువి పెట్టించుమని చెప్పినారు. అట్లు చేసినచో పిల్ల చదువునకు దాచిన సొమ్ము ముట్టుకొనవలసి వచ్చును. ఏమి చేయుదును?” అని అడిగెను. నాకు తెలిసిన వృద్ధ వడ్రంగి నొకనిని వెంటబెట్టుకొని వారి యింటికి పోయితిని. అయిదు కిటికీలు, అన్నియు ఆయన తాతగారు పెట్టించిన టేకువి. మూడు కిటికీల రెక్కలు బిగిసిపోయినవి. నాలుగవదాని క్రింద గోడ చెమ్మగిల్లి సున్నము రాలుచున్నది. అయిదవది స్నానపుగది ప్రక్కది.

వడ్రంగి మొదట చేసిన పని రెక్కల పైయంచును క్రిందియంచును వ్రేలితో తడిమి చూచుట. ఆ యంచులకు రంగు లేదు. రంగు వేయువారు కంటికి కనబడు ముఖములకు మాత్రమే వేసి, అంచులను వదలివేయుట మామూలు. కలప వాన గాలిలోని తేమను పీల్చునది ముఖ్యముగా ఆ రంగులేని చోటులనే. పీల్చిన కలప నిడివికి పెరుగదనియే చెప్పవచ్చును, అడ్డముగా ఉబ్బును. బెంగుళూరు ప్రాంతమున సంవత్సరమున కెల్ల సెప్టెంబరు మాసమునందే వాన హెచ్చు. కావున సెప్టెంబరులో బిగిసి, ఫిబ్రవరిలో సులువుగ తిరుగు రెక్క జబ్బుపడినది కాదు. తొందరపడి వానలలోనే చిత్రిక పట్టించినచో, ఎండలు వచ్చునప్పటికి కలప కుదించుకొని సందు ఏర్పడును. 44వ జాతీయ రహదారి మీది లారీల ధూళి యంతయు ఆ సందున లోనికి వచ్చును. ఆ మూడింటిని ముట్టుకొనక, ఎండు కాలము వచ్చువరకు ఆగి, అవసరమైన మేరకు ఉప్పుకాగితముతో రుద్ది నాలుగంచులకును రంగు వేయుమని వడ్రంగి చెప్పెను. ఖర్చు రంగుడబ్బా ఒకటి.

నాలుగవ కిటికీ కథ వేరు. నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియనిదే మరమ్మతు చేయరాదు. ఇంటివారిలో ఒకరు లోపల కూర్చుండవలెను. మరొకరు వెలుపల చెంబుతో నీరు పోయవలెను. క్రిందనుండి మొదలుపెట్టి కొంచెము కొంచెముగ పైకి పోవలెను. పైనుండి మొదలుపెట్టినచో అంతయు తడిసి, ఏమియు తెలియదు. మేమట్లు చేయగా చట్రము దాటి సజ్జాకును గోడకును నడుమనున్న పగులు మీద నీరు పడినప్పుడే లోపల తడి కనబడెను. దోషము సజ్జాది, నింద కిటికీకి! తాపీ మేస్త్రీ పగులు పూడ్చెను. సజ్జా క్రిందివైపు అంచు పొడవున సన్నని గాడి యుండవలెను. అది యున్నచో వాననీరు అక్కడనే తెగి బొట్లుగ రాలును, లేనిచో సజ్జా అడుగున ప్రాకి గోడకు చేరును. ఈ ప్రాంతపు పాత యిండ్లలో కిటికీపై రాతిబండయే సజ్జా. దాని క్రింద గాడి యున్నదేమో మీ యింట చూడుడు.

గాలివాటము కూడ గమనింపదగినది. మనకు జూను మొదలు సెప్టెంబరు వరకు గాలి పడమటినుండి వీచును. అక్టోబరు దాటిన పిమ్మట తూర్పునుండి. కావున పడమటి కిటికీలను మే నెలలోను, తూర్పు కిటికీలను సెప్టెంబరులోను పరీక్షించుకొనుట మేలు.

ఇక అయిదవ కిటికీ. చూచుటకు అన్నిటికంటె చక్కనిది, ఎందుకనగా దానికి ఏటేట రంగు వేయించినారు. వడ్రంగి సన్నని మేకును చట్రము క్రిందిమూలన ఒత్తగా, అది అరవంగుళము లోనికి దిగెను. మంచి టేకులో మేకు అట్లు దిగదు. కలపను క్రుళ్ళజేయునది ఒక విధమైన బూజు. కలపలో తేమ నూటికి ఇరువది పాళ్ళు మించనిచో అది సాధారణముగ పెరుగజాలదు. స్నానపుగది తడి నిత్యము తగులుచుండగా, పైనున్న రంగుపొర ఆ తడిని బయటికి పోనీయక లోననే నిలిపినది. పైగా వ్రేలితో తట్టగా ప్రక్కచట్రము డొల్లగ మ్రోగెను. గోడలో చెదలమట్టి గీత కనబడెను. చెదలు గోడలోనికి చొచ్చిన చట్రమును తినివేసినప్పుడు రెక్కలు ఎంత బాగున్నను నిలువవు. ఆ యొక్క కిటికీని మార్పించుమని వడ్రంగియే చెప్పెను. అంతకు ముందు చెదలమందు వేయించవలె నని కూడ చెప్పెను.

క్రుళ్ళు క్రిందిపట్టెలో కొంత మేరకే యున్నచో ఆ ముక్కను కోసి కొత్త కలప అతుకవచ్చును. అద్దము పగిలినచో అద్దమే మార్చవలెను. అద్దము చుట్టును లప్పము ఎండి రాలినచో దానిని గీకి మరల పెట్టవలెను. సుద్దపొడిని అవిసెనూనెతో కలిపి చేయు లప్పము అగ్గువయే. బందులు అరిగి రెక్క వ్రేలాడినచో బందులు మార్చిన చాలును. రెక్క మూసినప్పుడు నడుమ కాగితపుముక్క నుంచి లాగి చూడుడు. అడ్డు లేక వచ్చినచో అక్కడ సందున్నది.

చట్రమే వంగినదా యని తెలియుటకు పై తరగతులవారు గణితమును వాడవచ్చును. మూలనుండి మూలకు రెండు కర్ణములను త్రాటితో కొలువుడు. సమానమైనచో చట్రము సరిగ నున్నది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల చట్రమున కర్ణము అయిదడుగులు రావలెను. ఒకటి హెచ్చు, ఒకటి తక్కువ వచ్చి, ఏటేట ఆ తేడా పెరుగుచున్నచో గోడ గాని పునాది గాని క్రుంగుచున్నదేమో విచారింపవలెను. కొత్త కిటికీ పెట్టినను అదియు వంగును.

ఇనుప కిటికీలు గల యిండ్లును మన యూర కలవు. తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటు ఆక్రమించును; కావున తుప్పు ఉబ్బి అద్దమును పగులగొట్టును, గోడను చీల్చును. పైపొర తుప్పైనచో గీకి రంగు వేయవచ్చును. క్రిందికమ్మి రేకులు రేకులుగ ఊడుచున్నచో రంగు దండుగ.

పాత రంగును గీకుట పిల్లల పని కాదు. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. మన దేశమున ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నియమము 2016లో ఏర్పడి, 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగు దేనినైనను అనుమానింపవలసినదే. సీసపుధూళి పిల్లల మెదడునకు హాని చేయును. ఆ రంగును పొడిగ గీకరాదు, కాల్చరాదు; తడిపి గీకి, పెచ్చులను కాగితములో పోగుచేసి, నేలను తడిగుడ్డతో తుడువవలెను. పని ముగియువరకు చంటిపిల్లలు ఆ గదిలోనికి పోరాదు.

మార్చక తప్పని కిటికీని మార్చునప్పుడు రెండు సంగతులు అడుగుడు. మొదటిది గాలి. నాలుగడుగుల చదరపు కిటికీ రెక్కలతో తెఱచినచో పదునాఱు చదరపు అడుగుల గాలి వచ్చును. అదే కొలతలో రెండు పలకలు ప్రక్కకు జరుగు కిటికీయైనచో ఎనిమిదియే, ఏలనన ఒక పలక ఎల్లప్పుడు రెండవదాని వెనుక నుండును. జాలి కూడ పెట్టించుడు. డెంగ్యూ దోమ పగటిపూట కుట్టును గదా.

రెండవది ఊచలు. దొంగల భయమున అన్ని కిటికీలకు కదలని ఊచలు బిగించుట మనకు వాడుక. వంటింట నిప్పంటుకొని వాకిలి మూసికొనిపోయినచో బయటపడు దారి యుండదు. పడకగదిలో ఒక్క కిటికీ కైనను బందులతో తెఱచుకొను ఊచల చట్రము పెట్టించి, తాళపుచెవిని చిన్నపిల్లలకు గూడ అందు ఎత్తున ఆ ప్రక్కనే మేకునకు తగిలింపవలెను. ఆ అయిదవ కిటికీని అట్లే పెట్టించినారు. చెవి ఎక్కడ నున్నదో ఆ యింటి చిన్నపిల్ల నాకు తానే చూపినది.