మొర్రి పేరులోనే గ్రహణం

పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు కారణమేమిటని మన ఊళ్లలో ఎవరూ వెతకరు. గ్రహణం మొర్రి అన్న పేరే జవాబు చెప్పేస్తుంది. దాంతో నింద తల్లి మీద పడుతుంది. చేయించాల్సిన వైద్యం పూజల మధ్య వెనక్కి పోతుంది. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు పాఠకుల ప్రశ్నలన్నీ దీని చుట్టూనే.

ప్రశ్న: పోయిన సెప్టెంబరు చంద్రగ్రహణం నాటికి నాకు ఐదో నెల. ఆ రాత్రి ఉల్లిగడ్డ కోసినందుకే బాబుకు మొర్రి వచ్చిందని మా అత్తమ్మ అంటున్నది. నిజంగా నా తప్పేనా?
– ఓ తల్లి, దేవరకొండ

జవాబు: కాదు. నెలలు లెక్కపెడితే చాలు, తేలిపోతుంది. కడుపులో బిడ్డ ముఖం ఒక్క ముక్కగా తయారు కాదు. రెండు పక్కల నుంచీ, పైనుంచీ పెరిగే కండ మధ్యకొచ్చి కలుస్తుంది. పై పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అతుక్కుంటాయి. ఆ వేళకు కలవకపోతే సందు అట్లాగే మిగిలిపోతుంది. 2025 సెప్టెంబరు 7 రాత్రి ఆ తల్లి కత్తి పట్టే సమయానికి, బిడ్డ పెదవి సంగతి తేలిపోయి రెండు నెలలు దాటింది.

ఆ గ్రహణం దేశమంతా కనిపించింది. ఆ రాత్రి వంట చేసిన గర్భిణులు లక్షల్లో ఉంటారు. మొర్రి మాత్రం గ్రహణం కనిపించిన చోటా కనిపించని చోటా ప్రపంచం మొత్తమ్మీద సుమారు 700 మంది శిశువుల్లో ఒకరికి వస్తూనే ఉంది.

ప్రశ్న: మాది మేనరికం. పెద్దపాపకు మొర్రి. రెండో కాన్పులో మళ్లీ అట్లనే ఐతదా?
– నారాయణపేట పాఠకురాలు

జవాబు: ఈ ప్రశ్నకు తెలుగు నేల మీదే లెక్క తీసినవాళ్లున్నారు. హైదరాబాద్ సర్జన్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి, ఆయన సహచరులు 2001లో కడప, మెదక్, కృష్ణా జిల్లాల్లో పుట్టిన పిల్లల వివరాలు సేకరించారు. ఫలితాలు 2010లో భారత ప్లాస్టిక్ సర్జన్ల పత్రికలో వచ్చాయి. వెయ్యి కాన్పులకు 1.09 మందికి మొర్రి. వాళ్లలో 65 శాతం మగపిల్లలు. ఒకవైపే చీలిన వాళ్లలో 64 శాతానికి చీలిక ఎడమ పక్కనే. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్న జంటలకు మొర్రి బిడ్డ పుట్టే అవకాశం మిగతావాళ్లకంటే ఐదు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా తేలింది.

రెట్లు వినగానే గుండె జారనక్కర్లేదు. వెయ్యికి ఒకటి ఏడు రెట్లయినా వెయ్యికి ఏడే. అయితే ఒక బిడ్డకు ఇప్పటికే ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం మామూలుగా వందకు రెండు నుంచి ఐదు. మేనరికం ఉంది కాబట్టి మళ్లీ నెల తప్పకముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది. ఫోలిక్ యాసిడ్ మాత్రలూ గర్భానికి ముందే మొదలుపెట్టాలి. వెన్నుపాము లోపాలను అవి తగ్గిస్తాయని 1991లోనే రుజువైంది, మొర్రి విషయంలో అంత గట్టి రుజువు లేదు. ఫిట్స్ మందులు కొన్ని మొర్రి అవకాశాన్ని పెంచుతాయి. వాడుతున్నవాళ్లు సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

ప్రశ్న: మేం పనికి పుణె పోతం. పాపకు నెలన్నర. పెదవి, అంగిలి రెండూ చీలినయి. పాలు ముక్కులకెళ్లి వస్తున్నయి. ఆపరేషన్ చేయించుకొని పోదామంటే డాక్టర్లు ఆగమంటున్నరు.
– ఓ తండ్రి, కోస్గి

జవాబు: ముందు పాల సంగతి. అంగిలి చీలిన బిడ్డకు ఆకలి ఉంటుంది, పీల్చే పట్టు ఉండదు. తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పోయాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. వారం వారం బరువు తూయించాలి.

డాక్టర్లు ఆగమన్నది ఈ బరువు కోసమే. పెదవి ఆపరేషన్‌కు సర్జన్లు చాలాకాలంగా పాటించే ‘పదుల లెక్క’ ఒకటుంది: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు, రక్తంలో పది గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలి ఆ తర్వాత. దాన్ని ఎప్పుడు మూస్తే మాట బాగా వస్తుందన్నది చాలా ఏళ్ల వాదం. యూరప్, దక్షిణ అమెరికా ఆస్పత్రుల్లో 558 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన ఫలితం 2023లో వచ్చింది. ఐదేళ్ల వయసులో చూస్తే, మాట్లాడేటప్పుడు అంగిలి సరిగ్గా మూసుకోని పిల్లలు ఆరో నెలలో ఆపరేషన్ అయినవాళ్లలో 8.9 శాతం, ఏడాదికి అయినవాళ్లలో 15 శాతం. అయితే ఆ పిల్లలంతా బరువు, ఆరోగ్యం సరిపడా ఉన్నవాళ్లు. మత్తు ఇచ్చే వసతులున్న పెద్ద ఆస్పత్రుల్లో జరిగిన ఆపరేషన్లవి.

ఖర్చుకు భయపడి వాయిదా వేయొద్దు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 1999లో మొదలైన స్మైల్ ట్రెయిన్ సంస్థ సాయంతో ఉచితంగా చేసే ఆస్పత్రులు మహారాష్ట్రలోనూ ఉన్నాయి. పెదవి ఇక్కడ, అంగిలి అక్కడ చేయించాల్సి వచ్చినా మొదటి ఆపరేషన్ కాగితాలు సంచిలో ఉండాలి.

ప్రశ్న: మా మర్రిగూడ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్. మొర్రి దానివల్లేనా?

జవాబు: ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగిన నీళ్లతో పళ్లనూ ఎముకలనూ పట్టేది. నీళ్ల నుంచి దాన్ని తీయడానికి నాగ్‌పూర్ నీరి సంస్థ రూపొందించిన పటిక, సున్నం పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. రెండు నెలలు నిండకముందే గర్భంలో తేలిపోయే పెదవి కథ వేరు.

ప్రశ్న: పెదవి పూడ్చడానికి తొడ మీది తోలు తీస్తారా?
– సూర్యాపేట పాఠకుడు

జవాబు: తీయరు. మామూలు పెదవి మొర్రిలో కండ అక్కడే ఉంటుంది, కాకపోతే చీలికకు అటూ ఇటూ తొలగి ఉంటుంది. కొరియాలో పనిచేసి వచ్చిన అమెరికా సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ ఈ సూత్రం మీదే ఒక వైపును కిందికి తిప్పి, రెండో వైపును ముందుకు జరిపే పద్ధతిని 1955లో స్టాక్‌హోమ్ సదస్సులో వివరించారు. మంచి వైపున మిలార్డ్ కోత, చీలిన వైపున జర్మన్ సర్జన్ ఫైఫర్ అలల కోత కలిపి హైదరాబాద్‌లో శ్రీనివాస్ రెడ్డి బృందం ‘అఫ్రోజ్ కోత’ తయారుచేసింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పరిశోధన కూడా వాళ్లదే.

ప్రశ్న: మా పాపకు నోటి మూల చెంప దాకా చీలి ఉంది. ఆ పక్క చెవి చిన్న ముద్దలాగ ఉంది. ఇదీ మొర్రేనా?
– అచ్చంపేట పాఠకుడు

జవాబు: మొర్రే, కానీ అరుదైనది. పై మూడు జిల్లాల లెక్కలో ఇలాంటి ముఖపు చీలికలు నూటికి ఒకటే. ఫ్రెంచ్ సర్జన్ పాల్ టెసియే 1976లో వీటికి సున్నా నుంచి 14 దాకా నంబర్లు ఇచ్చారు. నోటి మూల నుంచి చెవి వైపు పోయేది ఏడో నంబరు. ఆ పక్క దవడ, చెవి చిన్నవి కావడం దీంట్లో తరచూ కనిపిస్తుంది.

అందం సంగతి తర్వాత, ముందు రెండు చెవులకూ వినికిడి పరీక్ష. వెన్నెముక, కిడ్నీలు కూడా చూపించాలి. నోటి మూలను పసితనంలోనే సరిచేస్తారు. పక్కటెముక మృదులాస్థితో చెవి కట్టడానికి కనీసం ఆరేడేళ్లు నిండాలి, అప్పటికిగానీ అది సరిపడా పెరగదు. జన్యు పరీక్ష అవసరమైతే హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఈ రెండూ కలిసి ఒక ప్రత్యేక కేంద్రం.

ప్రశ్న: మూడో తరగతి పిల్లవాడు. పసితనంలోనే ఆపరేషన్ అయింది. మాట ముక్కుతో వస్తుంది, తోటివాళ్లు ‘మొర్రోడు’ అంటారు. వెనక బెంచీలో కూర్చుంటాడు.
– ఓ పంతులమ్మ, నకిరేకల్

జవాబు: వాడితో ‘పాప’ అనిపించి చూడండి. ‘మామ’లా వినిపిస్తే అంగిలి గాలిని పూర్తిగా ఆపడం లేదని అర్థం. మ, న అక్షరాలకు గాలి ముక్కులోంచే పోవాలి, అవి బాగానే పలుకుతాడు. ప, బ, ట, స దగ్గరే చిక్కు. చదువు తెలివికి దీంతో సంబంధం లేదు. స్పీచ్ థెరపీతో ఎంతో మారుతుంది, కొందరికి అంగిలికి మరో ఆపరేషన్ కావాలి. చిగురు ఎముకలో సందు మిగిలి ఉంటే తుంటి ఎముకతో పూడ్చేదీ దాదాపు ఈ వయసులోనే, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చిన రోజు వీణ్ని తప్పక చూపించాలి. ఇలాంటి పిల్లల చెవుల్లో నీరు చేరి వినికిడి తగ్గడం మామూలే కాబట్టి, రేపటి నుంచి ముందు బెంచీలో కూర్చోబెట్టండి.