గ్రంథము నుండి చిత్రమునకు: ఓజ్ మాంత్రికుని కథ

బాలురకు ప్రియమైన కథ యొకటి చలనచిత్రముగా వచ్చినప్పుడు సాధారణముగా రెండు మాటలు వినబడును. "పుస్తకములో నిట్లు లేదు" అని కొందరు కినుక వహింతురు. "చిత్రము చూచితిమి గదా, ఇక పుస్తక మెందులకు?" అని మరికొందరు తృప్తి పడుదురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. ఏ మార్పు కథయొక్క వేషమును మాత్రము మార్చినది, ఏ మార్పు దాని ప్రాణమును తాకినది అని విడదీసి చూచుట నేర్చుకొనవలసిన విద్య. ఇందుల కుదాహరణముగా అమెరికా దేశపు కథ నొకదానిని పరిశీలింతము.

లైమన్ ఫ్రాంక్ బామ్ అను రచయిత 1900 సంవత్సరమున చికాగో నగరము నుండి "ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్" అను బాలకథను ప్రకటించెను. డెన్‌స్లో అను చిత్రకారుడు దానికి బొమ్మలు వ్రాసెను. డరోతీ యను అనాథ బాలిక కాన్సస్ మైదానములో హెన్రీ చిన్నాయన, ఎమ్ పిన్నమ్మల యింట పెరుగుచుండును. ఒకనాడు పెద్ద సుడిగాలి వచ్చి, ఆమెను, ఆమె కుక్కపిల్ల టోటోను ఇంటితో గూడ ఎత్తుకొనిపోయి ఓజ్ దేశమున దింపును. ఇల్లు చేరు మార్గము నడుగుటకై ఆమె మరకత నగరమందలి మాంత్రికుని యొద్దకు పయనమగును. త్రోవలో ముగ్గురు తోడగుదురు. గడ్డి కూరిన దిష్టిబొమ్మ తనకు బుద్ధి కావలెననును. కట్టెలు కొట్టు రేకు మనిషి హృదయము కావలెననును. పిరికి సింహము ధైర్యము కావలెననును. తీరా చూడగా ఆ మాంత్రికుడు ఏ శక్తియు లేని సామాన్య మానవుడు.

ఈ కథను మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థవారు 1939 సంవత్సరమున చిత్రముగా వెలువరించిరి. దర్శకుడుగా విక్టర్ ఫ్లెమింగ్ పేరు ప్రకటింపబడెను. డరోతీ పాత్రను ధరించిన జూడీ గార్లండ్‌కు చిత్రము తీయునాటికి 16 ఏండ్లు. పుస్తకములోని డరోతీ యంతకంటె చాల చిన్న పిల్ల.

మొదట రంగుల సంగతి చూతము. బామ్ తన మొదటి యధ్యాయములో కాన్సస్‌ను బూడిదరంగుగా వర్ణించెను. నేల, గడ్డి, ఇల్లు, తుదకు పెద్దల ముఖములును ఎండకు గాలికి వన్నె తరిగి యట్లే యుండెనని చెప్పెను. చిత్రకారు లీ వర్ణనను చక్కగా గ్రహించిరి. కాన్సస్ భాగము నంతయు కపిలవర్ణపు ఛాయలో నుంచి, డరోతీ ఓజ్ దేశమున తలుపు తీయగానే టెక్నికలర్ పద్ధతిని సకల వర్ణములను చూపిరి. రచయిత మాటలతో సాధించినదానిని వారు ఒక్క తలుపు తెరచుటతో సాధించిరి. పుస్తకములోని వెండి పాదరక్షలు చిత్రములో కెంపుల పాదరక్ష లగుటయు నిట్టిదే. పసుపుపచ్చని యిటుకల బాటపై ఎరుపు మిక్కిలి స్ఫుటముగా కనబడును. ఈ మార్పుచేత కథ కేమియు నష్టము లేదు.

రెండవది సంక్షేపము. పుస్తకమున 24 అధ్యాయములు గలవు. చిత్రము నడచు కాలము సుమారు 102 నిమిషములు. కావున కొంత విడువక తప్పదు. పుస్తకములో మాంత్రికుడు బెలూనులో వెడలిపోయిన పిమ్మట డరోతీ దక్షిణదేశమునకు మరల దీర్ఘయాత్ర చేయును. పింగాణీ మనుష్యులు నివసించు దేశమును దాటును. చిత్రములో నీ యాత్ర యంతయు లేదు. పుస్తకములోని యిద్దరు మంచి మంత్రగత్తెలను చిత్రములో నొక్కతెగా చేసిరి. పడమటి దిక్కు దుష్ట మంత్రగత్తె పుస్తకములో నడిమి భాగమున మాత్రమే యెదురగును. చిత్రములో నామె మొదటినుండియు వెంటాడుచుండును. పాఠకుడు రోజున కొక యధ్యాయము చదువుకొని మిగిలినది మరునాటి కుంచుకొనగలడు. ప్రేక్షకుడు ఒక్క కూర్పున కథనంతయు చూడవలెను. అట్టివానికి మొదటి నుండి కడవరకు నిలుచు భయమొకటి కావలెను.

మూడవది మాంత్రికుని బహుమానములు. ఇది విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. పుస్తకములో మాంత్రికుడు దిష్టిబొమ్మ తలలో తవుడు, గుండుసూదులు కూరును. రేకు మనిషికి రంపపుపొట్టు నింపిన పట్టు హృదయమును, సింహమునకు త్రాగుటకు ఒక ద్రవమును ఇచ్చును. చిత్రములో నివి మారినవి. దిష్టిబొమ్మకు పట్టా, రేకు మనిషికి హృదయాకారమున టిక్కుటిక్కుమను గడియారము, సింహమునకు పతకము లభించినవి. దిష్టిబొమ్మ పట్టా చేతపట్టిన వెంటనే రేఖాగణిత సిద్ధాంతము నొకదానిని గంభీరముగా వల్లించును. ఆ సిద్ధాంతము తప్పు! లంబకోణ త్రిభుజమునకు చెందిన దానిని సమద్విబాహు త్రిభుజమునకు అంటగట్టి, వర్గములు చెప్పవలసినచోట వర్గమూలములు చెప్పును. పట్టా చేతికి వచ్చినది గాని గణితము రాలేదు.

అయినను దిష్టిబొమ్మ బుద్ధిహీనుడు కాడు. పుస్తకములో త్రోవకు అడ్డముగా లోతైన అగాధ మెదురైనప్పుడు, చెట్టును నరికి వంతెనగా వేయుద మను ఉపాయము చెప్పినవాడు అతడే. హృదయము లేదని వగచు రేకు మనిషి తన కాలిక్రింద పురుగొకటి పడి చచ్చినందుకు కన్నీరు విడుచును. భయపడుచునే సింహము మిత్రులను వీపున నెక్కించుకొని గోతిని దుముకును. వారు కోరినది వారియందే యున్నదని రచయిత సూచన. వస్తువులు మారినను ఈ భావమును చిత్రము కాపాడినది. పట్టాను చేర్చి మన కాలపు విద్యార్థులకు మరింత దగ్గర చేసినది. ఇట్టి మార్పును మేము మెచ్చుకొందుము.

నాలుగవది ముగింపు. ఇచ్చట మాత్రము మేము పుస్తకము పక్షమున నిలుతుము. బామ్ వ్రాసిన కథలో ఓజ్ దేశము నిజము. సుడిగాలి నిజముగా ఇంటిని గొనిపోయినది గనుకనే డరోతీ తిరిగి వచ్చునప్పటికి హెన్రీ చిన్నాయన క్రొత్త యిల్లు కట్టుకొని యుండెను. చిత్రములోనో, ఆమె తలకు దెబ్బ తగిలి మూర్ఛిల్లి కన్న కలగా నదంతయు తేలును. పొలములో పనిచేయు మువ్వురు మనుష్యులే కలలో దిష్టిబొమ్మ, రేకు మనిషి, సింహము అయిరి. ఆమె మేల్కొని అది నిజమైన చోటని యెంత చెప్పినను, మంచము చుట్టునున్న పెద్దలు ప్రేమతో చిరునవ్వు నవ్వుదురే గాని నమ్మరు.

ఇది కెంపులకు బదులు వెండి యనునంతటి చిన్న సంగతి కాదు. పుస్తకములో నొక బాలిక నడచిన దూరము, పడిన భయము, చూపిన సాహసము లోకములో జరిగిన పనులు. చిత్రములో నవి నిద్రలో జరిగినవి. కల వలన గూడ మనుష్యుడు నేర్చుకొనవచ్చునని కొందరందురు. అది కొంతవరకు సత్యమే. కాని పిల్లలు కష్టపడి సాధించినదానిని పెద్దలు "అదంతయు కల" యని లాలించుట కంటె, "నీ వెచ్చటినుండి వచ్చితివి?" అని అడిగి వినుట మేలు. పుస్తకములో ఎమ్ పిన్నమ్మ అడిగిన ప్రశ్న యిదియే. తల్లిదండ్రు లీ భేదమును మనస్సున నుంచుకొందురుగాక.

విద్యార్థులారా, మీకు ప్రియమైన కథ నొకదానిని తీసికొని కాగితమును రెండు భాగములు చేయుడు. చిత్రమునకై దేనిని మార్చినను కథ చెడదో ఒక ప్రక్కను, దేనిని మార్చినచో కథయే వేరగునో రెండవ ప్రక్కను వ్రాయుడు. మొదటి ప్రక్క పొడవుగా నుండును. రెండవ ప్రక్క రెండు మూడు పంక్తులకు మించదు. ఆ రెండు మూడు పంక్తులే ఆ కథ.