నీళ్లు లెక్కేసుకొని విత్తు

శివరాత్రి దాటితే మా అనంతపురం పల్లెల్లో పొద్దు తీరు మారుతుంది. వేపచెట్లు ఆకు రాల్చి ఎర్రటి చిగురు తొడుగుతాయి. మునగ తెల్లగా పూస్తుంది. చింతమాన్ల కింద కాయలు రాలగొట్టే కర్రల చప్పుడు మొదలవుతుంది. పట్నంలో పదేళ్లు ఉద్యోగం చేసి ఊరికి తిరిగొచ్చిన మొదటి ఏడాది, సరిగ్గా ఈ రోజుల్లోనే, పన్నెండు రకాల విత్తనాల పొట్లాలు తెచ్చి మా జేజి (నాయనమ్మ) ముందు పరిచాను. సొర, బెండ, కాకర, మటిక్కాయ (గోరుచిక్కుడు), నాలుగు రకాల ఆకుకూరలు, ఇంకా ఏవేవో. జేజి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజ తీస్తా ఉంది. పొట్లాలన్నీ ఓసారి చూసి ఒకే మాట అడిగింది.

"అన్నీ బాగుండాయి నాయనా. దినానికి ఎన్ని బిందెల నీళ్లు పెడతావు?"

నా దగ్గర జవాబు లేదు. "ముందు నీళ్లు లెక్కేసుకో. ఆమేలు విత్తనాలు ఎత్తుకో" అని మళ్లీ చింతపండు పనిలో పడింది. నేను వినలేదు. పన్నెండు మళ్లూ వేశాను. అన్నీ మొలిచాయి, అదే నన్ను మోసం చేసింది. ఉగాది దాటేసరికి కొళాయి నాలుగు రోజులకోసారి రావడం మొదలైంది. ఏ మొక్కనూ వదులుకోలేక ఒక్కోదానికి చెంబెడు చొప్పున పోస్తూ వచ్చాను. వైశాఖం రాకముందే పన్నెండూ పోయాయి.

జేజి దెప్పలేదు. ఎండిన బెండమొక్కను పెరికి వేరు చూపించింది. రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు. దినమూ కాసిని నీళ్లు పోస్తే తడి పైపైనే ఉంటుంది, వేరూ అక్కడే తిరుగుతుంది. ఆ పైతడిని మధ్యాహ్నపు ఎండ, గాలి గంటలో లాగేసుకుంటాయి. అదే నీటిని నాలుగు మొక్కలకే, లోతుగా, నిదానంగా ఇచ్చివుంటే వేరు కింది తడిని వెతుక్కుంటూ పోయేది. నేను దయ అనుకొని పోసిన చెంబులే వాటిని నిలబడనివ్వలేదు.

వ్యక్తిత్వ వికాసం గురించి రాసేవాళ్లం తరచూ ఏమి కావాలో రాసుకొమ్మని చెబుతాం. నేనూ చెప్పాను. ఆ బెండవేరు చూశాక నా ప్రశ్న మారింది. నా దగ్గరికి వచ్చే పిల్లల నోటుపుస్తకాల్లో పది తీర్మానాలుంటాయి: తెల్లవారుజామున లేవడం, ఇంగ్లీషు, పరుగు, పోటీ పరీక్ష, సంగీతం... పదింటికీ దినానికి పావుగంట చొప్పున. నెల తిరిగేసరికి పదీ వాడిపోయి, తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటూ వస్తారు. పట్టుదల ఉంది, చాలానే ఉంది. అది పది మళ్లకు చెంబు చెంబుగా పోయింది. వాళ్లను ఇప్పుడు మొదట అడిగేది జేజి ప్రశ్నే: పనీ ఇల్లూ తిండీ నిద్రా పోగా నీ చేతిలో నికరంగా ఎన్ని గంటలు మిగులుతాయి? వారం రోజులు రాసి చూడు. ఆ తర్వాత పొట్లాలు విప్పుదాం.

ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఆ లెక్క తప్పదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనానికేమో తూర్పు సముద్రం చాలా దూరం. రెంటికీ మధ్య, సన్నటి ఎర్రమట్టి కప్పుకొన్న బండ మీద మా జిల్లా ఉంది. ఏడాదికి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కొద్ది రోజుల్లోనే కొట్టేసి పోతుంది. అయినా లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న మిద్దె మీద సగటు ఏడాదిలో పడేది 20 వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే 1,300 పైచిలుకు బిందెలు. అందులో సగం పట్టుకోగలిగినా పెరటికి అది పెద్ద ఆస్తి. ఈ సంఖ్య మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు నాకు గుండె నిండింది. లేదు, లేదు అని అన్నేళ్లు విన్నచోట, ఉన్నదెంతో ఎవరూ చెప్పలేదు.

రెండో ఏడాది మొక్కలు ఎంచుకోకముందు బిందెలు లెక్కపెట్టాను. మంచినీళ్లు దినానికి ఒక బిందె వదలగలం. జాలాడిలో స్నానానికీ గిన్నెలకూ వాడిన నీళ్లు మూడు బిందెలు. జాలాడి కాలువ చివర రెండు అరటిమొక్కలు, ఒక బొప్పాయి పెట్టాం. సబ్బునీళ్లు ఆకుకూరలకు పోయం. మంచినీళ్ల బిందె మాత్రం కుండలకు. కాల్చిన మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు మూసి, చుట్టూ మూడు నాలుగు గింజలు పెట్టాలి. కుండ రంధ్రాల్లోంచి నీరు ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది. వేళ్లు కుండను వెతుక్కుంటూ వచ్చి చుట్టుకుంటాయి. చైనాలో రెండు వేల ఏళ్లకు పైబడిన సేద్యగ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. కడుగునీళ్లు, బియ్యం కడిగిన కుడితి కుండలో పోస్తే రంధ్రాలు పూడిపోతాయి. మాకు ఏడు కుండలకు లెక్క సరిపోయింది. రెండు సొరకు, మూడు మటిక్కాయలకు, రెండు టమోటాకు. మిగతా పొట్లాలు డబ్బాలో పెట్టి మూత వేశాను. ఆ మూత వేయడం నాకు చాలా కష్టమైంది. కావాలనుకున్నదాన్ని "ఈ ఏడు కాదు" అని పక్కన పెట్టడం కంటే కష్టమైన సాధన నాకింకా తెలియదు.

కుండల చుట్టూ శెనక్కాయల పొట్టు అరచెయ్యి మందాన పరిచాం. ఒకప్పుడు దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో వేరుశనగ వేసిన జిల్లా ఇది, పొట్టుకు కొదవా! జేజి ఇంట్లో వృథా అన్న మాటకు చోటు లేదు. పొయ్యిబూడిద విత్తనాలకు, చింతగింజలు గొర్రెలకు. కందులకు ఎర్రమట్టి పూసి ఆరబెట్టి కుండలో పోస్తే పురుగు ముట్టదు.

కరువును పొగడటానికి ఇదంతా రాయడం లేదు. మా జిల్లా జనం పొట్ట చేతపట్టుకొని బెంగళూరుకూ కేరళకూ పోయారు, పోతున్నారు. బోర్లు వరసగా ఎండి అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్లు నాకు తెలుసు. తినడానికే లేనివాళ్లకు పొదుపు బోధించకూడదు. ఎంతో కొంత చేతిలో ఉండి, అది చాలదన్న బెంగతో ఉన్నదాన్నీ చెదరగొట్టుకుంటున్న నాలాంటివాళ్ల కోసమే ఈ మాటలు.

ఉన్నదాన్ని కాచుకోవడానికి ఒక ఉదాహరణ చెబుతాను. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు అని పేరు పెట్టారు. జపాన్ రైతు ఫుకుఒకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం' వాళ్లకు స్ఫూర్తి. ఆ బీడుకు వాళ్లు చేసిన ఉపకారంలో పెద్దది కాపలా. మేతను ఆపారు, నిప్పును ఆపారు, వాననీటికి అడ్డుకట్టలు వేశారు. చచ్చిపోయాయనుకున్న మోళ్లు చిగిర్చాయి. తర్వాత పక్కనే ముష్టికోవెల చుట్టుపక్కల పల్లెలవాళ్లు కల్పవల్లి పేరుతో వేల ఎకరాల బంజరును అలాగే కాచుకొని అడవి చేసుకున్నారు. ఎండలు ముదరకముందే ఎండుగడ్డి కోసి, మంట పాకకుండా బాటలు తీయడం అక్కడ ముఖ్యమైన పని. కొత్తగా ఏదో నాటకుండా, ఉన్న వేరును కాలిపోనివ్వకుండా కాయడం కూడా ఎదుగుదలేనని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. మనలో ఎన్ని వేర్లు అలా ఉన్నాయో! చిన్నప్పుడు బొమ్మలు గీసిన చెయ్యి, ఆగిపోయిన వీణ పాఠం... వాటికి కొత్త విత్తనం అక్కర్లేదు, కంచె చాలు.

మా రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అందులో నాకు నచ్చినది, వానలు రాకముందే పొడినేలలో విత్తే పద్ధతి. రకరకాల గింజలకు పేడ, మట్టి, బూడిద పూత పూసి చల్లుతారు. గింజ ఆ పూతలో ఓపిగ్గా పడివుంటుంది, చినుకు పడగానే లేస్తుంది. "ఈ ఏడు కాదు" అని పక్కన పెట్టినవీ అలాగే ఆగగలవు.

ఆ రెండో చైత్రంలో మా సొరతీగె తొలిపూత నిలిచింది. మొదటి కాయ నున్నగా, ముంజేతి పొడుగు దిగింది. కోద్దామని కత్తిపీట తీశాను. జేజి నా చెయ్యి పట్టుకొని, తన పాత చీర అంచు చింపి ఆ కాయ తొడిమకు ముడి వేసింది. "ఇది విత్తనానికి. నువ్వు రెండోది తిను" అంది. రెండో కాయకు పదకొండు రోజులు ఆగాం. జేజి ఇప్పుడు లేదు. ఆ కాయ గింజలు మా వీధిలో ఆరు ఇళ్లకు పోయాయి. ఈ ఏటి బుర్ర వంటింటి దూలానికి వేలాడుతోంది, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి.