ఆర్ట్స్ కాలేజీ ముందు సభ పెట్టేవాళ్లకు

ఉస్మానియాలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఆర్ట్స్ కాలేజీ ముందు సభ అంటే కుర్చీల దగ్గర్నుంచి మైకు దాకా చాలాసార్లు నా మీదే పడేది. ఇప్పటి పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా.

1. వేదిక కట్టొద్దు. మెట్లున్నాయి కదా! 1939లో ఏడో నిజాం ప్రారంభించిన ఆ గులాబీ గ్రానైటు భవనాన్ని మించిన డెకరేషన్ ఎవడు తేగలడు? దాని మొహానికి అడ్డంగా ఫ్లెక్సీ కడితే చూసే వాళ్లకు కడుపు మండుతుంది. అతిథుల ఫొటోలు తప్పవంటారా, ఓ పక్కన నిలబెట్టండి.

2. ఎండాకాలం పొద్దువాలాకే సభ. మెట్ల రాయి పొద్దంతా కాగి ఉంటుంది. కూర్చున్నవాడు ఉపన్యాసం వినడు, అటూ ఇటూ జరుగుతుంటాడు.

3. డప్పు కళాకారులు వస్తే మంట వేసుకునే చోటు ముందే చూపించండి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. చర్మం చల్లబడితే డప్పు మెత్తగా మూలుగుతుంది. పాత పేపర్లో, ఎండుగడ్డో అంటించి, సెగకు తిప్పితిప్పి కాచి, చిర్రతో ఒక్క దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటారు. పలికిందంటే సరే, లేదంటే మళ్లీ సెగ. ఇది తెలియని సెక్యూరిటీ ఆయన బకెట్‌తో పరుగెత్తుకొస్తాడు. పచ్చికకు దూరంగా మట్టి నేల చూపించి, ఆయనకూ ఓ మాట చెప్పి ఉంచండి. ఆ డప్పు మోగాక మైకు పనిచేయకపోయినా బాధ లేదు.

4. బతుకమ్మకు స్టేజీ అసలే వద్దు. ఆడవాళ్లు గుండ్రంగా తిరగాలి, మధ్యలో బతుకమ్మలుండాలి. వీఐపీ సోఫాలు అడ్డం వేస్తే ఆ చుట్టు తెగిపోతుంది. మంత్రిగారొస్తే ఆయన్నీ నిలబడి చూడమనండి, ఏం కాదు.

5. స్థలమంతా కుర్చీలతో నింపొద్దు. 2010 జనవరి 3న యూనివర్సిటీలో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన విద్యార్థి గర్జనకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలెవరూ సీటు కోసం రాలేదు. 1969లో అదే తెలంగాణ కోసం రోడ్డెక్కిన వాళ్లూ అంతే. పిలవని వాళ్లు వచ్చి నిలబడే జాగా ఉంటేనే అది సభ, లేకపోతే ఫంక్షన్ హాలు. ఆ ముంగిట్లో ఫౌంటెన్ పెడదాం, పర్మనెంట్ షెడ్డు వేద్దాం అని ఎవరన్నా నాకు ఒళ్లు మండేది. అక్కడ ఏమీ లేకపోవడమే దాని గొప్ప. బస్సు దిగినవాడు, హాస్టల్‌కు పోయేవాడు, పల్లీలమ్మే ఆమె కూడా కాసేపు ఆగి విని పోవాలి. ఆగినవాళ్లలో సగంమంది పూర్తిగా వినరు. విననివ్వండి, పోనివ్వండి.

6. పర్మిషన్ నోటిమాటగా వద్దు, కాగితం మీద తీసుకోండి. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ కట్టెయ్యాలని రూలుంది. వక్తలు పదిన్నర వరకూ మాట్లాడేలా ఉంటారు కాబట్టి వాళ్లకు తొమ్మిదిన్నర అని చెప్పండి.

7. తెల్లారేసరికి వాకర్లు వచ్చేస్తారు. కుర్చీలు రాత్రికే లేవాలి. సప్లై వాడు "పొద్దున తీస్తా సార్" అంటాడు. తియ్యడు. బాకీలో సగం చేతిలోనే ఉంచుకోండి, ఆటో ట్రాలీ తనే వస్తుంది.